కొడిగెనహళ్ళి గురుకుల పాఠశాల

కొడిగెనహళ్ళి గురుకుల పాఠశాల ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, శ్రీ సత్యసాయి జిల్లా, పరిగి మండలానికి చెందిన కొడిగెనహళ్ళి గ్రామంలో ఉన్న ప్రభుత్వ బాలుర వసతి పాఠశాల. ఇది 1972లో ప్రారంభమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు ప్రాంతాలకు ఒక్కొక్కటి చొప్పున ఏర్పాటైన తొలి మూడు గురుకుల పాఠశాలలలో ఇది ఒకటి. తెలంగాణకు సర్వేలు (నల్గొండ జిల్లా), కోస్తా ఆంధ్రకు తాడికొండ (గుంటూరు జిల్లా), రాయలసీమకు కొడిగెనహళ్ళి కేంద్రాలయ్యాయి. పదవ తరగతి రాష్ట్రస్థాయి ర్యాంకుల వలన ఈ మూడు పేర్లు ఒకప్పుడు రాష్ట్రమంతటా ప్రతి ఇంటా వినిపించేవి. ఇటువంటి పాఠశాలల పూర్వ వైభవాన్ని నిలబెట్టడంలో పూర్వ విద్యార్థుల పాత్ర ఏమిటన్నది ఈ విద్యాసంస్థల చరిత్రలో ముఖ్యమైన అంశం.

ఉనికి

కొడిగెనహళ్ళి హిందూపురం పట్టణానికి సమీపంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ప్రాంతంలో ఉంది. పేరు చివరనున్న "హళ్ళి" కన్నడంలో పల్లె అనే అర్థం గల మాట. ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడం రెండూ వాడుకలో ఉన్నాయి. ఇదే పేరు గల మరొక ఊరు కర్ణాటకలోని మధుగిరి తాలూకాలో కూడా ఉంది. చుట్టూ నల్లరాతి గుట్టలు, వాటి నడుమ మెట్ట పొలాలు, చెరువులు ఈ ప్రాంతపు స్వరూపం. నంది కొండలలో పుట్టిన పెన్నా నది హిందూపురం ప్రాంతంలోనే ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తుంది. ఉపనది జయమంగళి పరిగి సమీపాన దానిలో కలుస్తుంది.

గుంతకల్లు నుండి బెంగుళూరు వెళ్ళే రైలుమార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వచ్చే స్టేషన్లు. ధర్మవరం జంక్షను నుండి కదిరి మీదుగా పాకాలకు మరొక మార్గం ఉంది. అందువలన చిత్తూరు జిల్లా విద్యార్థులు పాకాల మార్గాన, కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులు గుత్తి, గుంతకల్లుల మీదుగా ఇక్కడికి చేరుకునే వీలుంది.

2022 ఏప్రిల్ 4 వరకు ఈ గ్రామం అనంతపురం జిల్లాలో ఉండేది. ఆ రోజున జిల్లాల పునర్విభజనలో భాగంగా పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. పరిగి మండలం పెనుకొండ రెవెన్యూ విభాగంలో చేరింది.

నేపథ్యం

భారతదేశంలో వసతి పాఠశాల అనగానే మొదట గుర్తుకు వచ్చేవి బ్రిటిషు వారి కాలంలో కొండ పట్టణాలలో వెలసిన పాఠశాలలు. నీలగిరులలోని లవ్‌డేల్‌లో లారెన్స్ పాఠశాల 1858లో సైనికుల పిల్లల కొరకు ప్రారంభమైంది. కొడైకెనాల్‌లో 1901లో అమెరికా మిషనరీలు తమ పిల్లల కొరకు ఒక పాఠశాలను నెలకొల్పారు. మైదానాల ఎండ నుండి, వ్యాధుల నుండి పిల్లలను దూరంగా ఉంచడం ఇటువంటి పాఠశాలల ఉద్దేశాలలో ఒకటి. రాయలసీమ అంచున మదనపల్లె సమీపంలోని కొండల నడుమ 1926లో జిడ్డు కృష్ణమూర్తి భావాల ప్రేరణతో మొదలైన రిషి వ్యాలీ విద్యాసంస్థ వేరొక ఆదర్శంతో నడిచింది.

గురుకుల పాఠశాలల ఉద్దేశం వీటికి భిన్నమైనది. ఇక్కడ పిల్లవానిని తప్పించవలసింది ఎండ నుండి కాదు. ఇంట్లో దీపం లేకపోవడం, పశువులు కాయవలసి రావడం, ఊరిలో ఉన్నత పాఠశాల లేకపోవడం వంటి అడ్డంకుల నుండి. అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దేశంలో అతి తక్కువ వాన కురిసే ప్రాంతాలలో ఇది ఒకటి. వేరుశనగ పంట పోయిన ఏడు ఇక్కడి సన్నకారు కుటుంబంలో మొదట ఆగిపోయేది పిల్లల చదువే. తెలివి గల గ్రామీణ విద్యార్థిని ఎంపిక చేసి, ప్రభుత్వ ఖర్చుతో భోజన వసతులు కల్పించి, మంచి ఉపాధ్యాయుల వద్ద ఉంచితే అతడు పట్టణపు విద్యార్థితో సమానంగా నిలబడగలడన్నది గురుకుల ఆలోచనకు మూలం.

ఈ ఆలోచనను ఆచరణలోకి తెచ్చిన వారు పి.వి.నరసింహారావు. కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలో విద్యాశాఖ నిర్వహించిన ఆయన 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యారు. అదే సంవత్సరం నవంబరులో సర్వేలు పాఠశాల మొదలైంది. 1972లో తాడికొండ, కొడిగెనహళ్ళి పాఠశాలలు వచ్చాయి. ఆ ఏడాది చివరలోనే జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973 జనవరిలో పి.వి. ప్రభుత్వం పడిపోయింది. అయినా ఆయన నాటిన ఈ పాఠశాలలు నిలిచాయి.

తరువాత పి.వి. కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రిగా ఉన్నప్పుడు, 1986 జాతీయ విద్యా విధానంలో భాగంగా జవహర్ నవోదయ విద్యాలయాలు దేశమంతటా విస్తరించాయి. గ్రామీణ ప్రతిభకు ప్రవేశ పరీక్ష ద్వారా వసతి విద్య అనే సూత్రం రెండింటికీ ఒకటే. అనంతపురం జిల్లాకు మంజూరైన నవోదయ విద్యాలయం హిందూపురానికి సమీపంలోని లేపాక్షిలోనే ఏర్పాటు కావడం విశేషం.

విద్యా విధానం

పాఠశాల ఆంధ్రప్రదేశ్ గురుకుల విద్యాలయాల సంస్థ ఆధ్వర్యంలో నడుస్తుంది. ప్రవేశాలు రాత పరీక్ష ద్వారా, రిజర్వేషను నియమాలను అనుసరించి జరుగుతాయి. ఐదవ తరగతిలో ప్రవేశానికి ఉమ్మడి పరీక్ష ఉంటుంది. ఇదే ప్రాంగణం పేరుతో గురుకుల జూనియర్ కళాశాల కూడా ఉంది. దాని ప్రవేశాలు ఆ సంస్థ జూనియర్ కళాశాలల ఉమ్మడి పరీక్ష ద్వారా జరుగుతాయి.

గురుకులంలో ఉపాధ్యాయుడు పాఠం చెప్పి వెళ్ళిపోయే వ్యక్తి కాదు. ప్రాంగణంలోనే నివసిస్తూ ఉదయపు వ్యాయామం మొదలు రాత్రి స్టడీ అవర్ వరకు విద్యార్థుల బాగోగులు చూస్తాడు. డార్మిటరీ, మెస్, ఆటస్థలం కూడా తరగతి గదికి కొనసాగింపే. వివిధ జిల్లాలకు, కులాలకు చెందిన బాలురు ఒకే పంక్తిలో భోజనం చేయడం, ఎవరి బట్టలు వారే ఉతుక్కోవడం, ఒకే వరుసలో ట్రంకు పెట్టెలు పెట్టుకోవడం ఆనాటి గ్రామ సమాజంలో చిన్న మార్పు కాదు. ఈ సహజీవనం వలన ఏర్పడిన బంధమే తరువాతి కాలంలో పూర్వ విద్యార్థుల సంఘాలకు పునాది అయింది.

ప్రాభవం, పోటీ

1970ల నుండి పదవ తరగతి పరీక్షలలో తొలి ర్యాంకులు తరచుగా గురుకుల పాఠశాలలకు దక్కేవి. ఈ పాఠశాలలలో చదివిన వారు పరిపాలన, పోలీసు, వైద్యం, ఇంజనీరింగు, బోధన, పరిశోధన రంగాలలో స్థిరపడ్డారు. వారిలో అనేకులు తమ కుటుంబంలో ఉన్నత విద్య చదివిన మొదటి తరం వారు.

1990ల తరువాత పరిస్థితి మారింది. దీనికి ప్రధాన కారణాలు:

* కార్పొరేట్ విద్యాసంస్థలు జిల్లా కేంద్రాల వరకు విస్తరించి, ర్యాంకు సాధించగల విద్యార్థులను రాయితీలిచ్చి చేర్చుకున్నాయి.
* గురుకులాల సంఖ్య పెరిగింది. సాంఘిక సంక్షేమ, గిరిజన, వెనుకబడిన తరగతుల గురుకులాలు, నవోదయాలు వచ్చాయి. ఇది సమాజానికి మేలే అయినా, ఒకప్పుడు మూడు పాఠశాలలపై ఉన్న దృష్టి వందల పాఠశాలలకు పంచబడింది.
* 2012 నుండి కొంత కాలం పదవ తరగతిలో మార్కుల స్థానంలో గ్రేడులు వచ్చాయి. ర్యాంకుల ద్వారా లభించిన ప్రచారం దానితో ఆగింది.
* 1970లలో కట్టిన ఏ భవనాలకైనా, పైపులకైనా, విద్యుత్ తీగలకైనా అర్ధ శతాబ్దం తరువాత భారీ మరమ్మతులు తప్పవు. కొత్త భవనానికి నిధి దొరికినంత సులభంగా పాత భవనపు మరమ్మతుకు దొరకదు.

పూర్వ విద్యార్థుల పాత్ర

2022తో పాఠశాలకు 50 సంవత్సరాలు నిండాయి. 1972లో చేరిన బాలురు ఇప్పుడు అరవై దాటిన వారు. అనగా తొలి తరం విద్యార్థులు ఉద్యోగ విరమణ చేసి, సమయము, అనుభవము, కొంత పొదుపు చేతిలో ఉన్న దశకు చేరుకున్నారు. రిషి వ్యాలీ వంటి రుసుము వసూలు చేసే పాఠశాలలకు సొంత ట్రస్టులు ఉంటాయి. ప్రభుత్వ గురుకులానికి బడ్జెటు కేటాయింపు తప్ప వేరే ఆదాయం లేదు. కనుక అటువంటి పాఠశాలకు పూర్వ విద్యార్థులే సహజమైన అండ.

సాధారణంగా ఇటువంటి కృషి బ్యాచ్‌ల కలయికతో మొదలవుతుంది. ఇరవై ఐదేళ్ళకు, యాభై ఏళ్ళకు కలుసుకున్న మిత్రులు పాత గురువులను సత్కరించి, పాఠశాలకు ఏదైనా ఇవ్వాలని తలుస్తారు. ఆ తలంపు ఒక రోజు వేడుకతో ముగియకుండా ఉండాలంటే దానికొక చట్టబద్ధమైన రూపం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో సంఘాలను 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం క్రింద నమోదు చేస్తారు. ఆదాయపు పన్ను చట్టం క్రింద గుర్తింపు పొందితే దాతలకు పన్ను మినహాయింపు లభిస్తుంది.

విదేశాలలో ఉన్న పూర్వ విద్యార్థుల విషయంలో ఒక భేదం గమనించవలసి ఉంది. భారత పౌరసత్వం నిలుపుకున్న ప్రవాసి తన సొంత పొదుపు నుండి ఇచ్చే విరాళం విదేశీ విరాళం కాదు. అమెరికా వంటి దేశపు పౌరసత్వం తీసుకున్న వ్యక్తి, భారత మూలాల కార్డు ఉన్నప్పటికీ, ఇచ్చేది విదేశీ విరాళంగానే లెక్కకు వస్తుంది. దానిని స్వీకరించడానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం క్రింద అనుమతి అవసరం. 2020 సవరణ తరువాత అటువంటి సొమ్ము మొదట న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి.

సంస్థల సామాజిక బాధ్యత నిధులు మరొక మార్గం. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యాలకు వెచ్చించాలి. విద్య అందులో ఒకటి. పెనుకొండ సమీపంలో 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారంతో ఈ ప్రాంతానికి పరిశ్రమలు వచ్చాయి. ఇటువంటి కంపెనీలలో పనిచేసే పూర్వ విద్యార్థులు పాఠశాల అవసరాలను యాజమాన్యాల దృష్టికి తీసుకుపోగలరు. ప్రభుత్వ పక్షాన, 2021లో కేంద్రం ప్రారంభించిన రెండవ విడత విద్యాంజలి పథకం ద్వారా స్వచ్ఛందంగా బోధించడానికి, సామగ్రి ఇవ్వడానికి వీలుంది.

పరిమితులు

పూర్వ విద్యార్థుల సహాయానికి కొన్ని హద్దులు ఉన్నాయి. ప్రాంగణం, భవనాలు ప్రభుత్వ సంస్థవి. అనుమతి లేనిదే ఒక గోడ కూడా కట్టరాదు. కట్టినది సంస్థ ఆస్తి అవుతుంది. ఉపాధ్యాయుల నియామకం, బదిలీలు, భోజన ఖర్చుల రేట్లు ప్రభుత్వ నిర్ణయాలు. గురుకులానికి ప్రాణం ప్రాంగణంలో ఉండే ఉపాధ్యాయుడే కనుక, ఖాళీ పోస్టు ఏర్పరచే లోటును ఎంత విరాళమూ పూర్తిగా తీర్చలేదు. అక్కడ సంఘం చేయగలిగింది విషయాన్ని పదే పదే అధికారుల దృష్టికి తేవడం. ఉన్నత పదవులలో ఉన్న పూర్వ విద్యార్థుల మాటకు విలువ ఉంటుంది కనుక ఇది చిన్న సహాయం కాదు.

రెండవది నిర్వహణ. నీటిశుద్ధి యంత్రం ఇవ్వడం ఒక రోజు పని, దాని ఫిల్టర్లు మార్చడం ఏటేటా చేయవలసిన పని. కంప్యూటర్లు, సౌర ఫలకాలు, గ్రంథాలయం కూడా ఇంతే. అందువలన మొత్తం విరాళాన్ని ఒకేసారి ఖర్చు చేయక, మూలనిధిగా ఉంచి వడ్డీని మాత్రమే వాడడం మేలైన పద్ధతి. ఉదాహరణకు 10 లక్షల రూపాయల నిధిపై 7 శాతం వడ్డీ వస్తే సంవత్సరానికి 70,000 రూపాయలు అందుతాయి. ఇది కొత్త భవనానికి చాలదు, కాని కుళాయిలు, ఫ్యాన్లు, పుస్తకాలు, ప్రయోగశాల సామగ్రి వంటి చిన్న అవసరాలకు ప్రతి ఏటా అక్కరకు వస్తుంది.

మూడవది లక్ష్యం. ఇంగ్లాండులోని ఈటన్ పాఠశాలను 1440లో ఆరవ హెన్రీ రాజు 70 మంది పేద విద్యార్థుల ఉచిత విద్య కొరకు స్థాపించాడు. కాలక్రమంలో అది సంపన్నుల పాఠశాలగా పేరుపడింది. పాత పేరు తిరిగి తేవాలనే ఉత్సాహంలో ర్యాంకు తెచ్చే పిల్లలపైనే దృష్టి పెడితే గురుకులం కూడా తన ఉద్దేశానికి దూరం కాగలదు. కొడిగెనహళ్ళి స్థాపన వెనుక ఉన్నది కరువు పల్లెలోని పిల్లవానికి ఒక అవకాశం. ఆ అవకాశం ఏటేటా ఐదవ తరగతిలో చేరే కొత్త విద్యార్థికి అంతే బలంగా అందుతున్నదా లేదా అన్నదే పునరుద్ధరణకు సరైన కొలమానం.

ఇవి కూడా చూడండి

* సర్వేలు
* తాడికొండ
* పి.వి.నరసింహారావు
* పరిగి మండలం
* జవహర్ నవోదయ విద్యాలయం
* రిషి వ్యాలీ పాఠశాల