టోక్యోలో గుణింతం

ట్రుగనీనాలో ఆదివారం తెలుగు తరగతి అయ్యాక టీ తాగుతూ మీలో చాలామంది నన్ను ఒకటే అడిగారు: "టోక్యోలో ఏం చూశారు? ఏం కొన్నారు?" అందరికీ ఒకేసారి చెబుదామని ఇది రాస్తున్నాను. కష్టమైన మాట వస్తే ఆగి, పైకి చదవండి. సగం మాటలు కంటికి తెలియకపోయినా చెవికి తెలుస్తాయి.

పోయిన సెప్టెంబరు బడి సెలవుల్లో మా అమ్మా నేనూ వెళ్ళాం. అమ్మకు 78 ఏళ్ళు. ఫిజీలో నాందీ దగ్గర చెరకు పొలాల మధ్య పుట్టింది. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. ఎక్కడైనా తప్పిపోతుందేమోనని నా భయం.

మొదటి రోజే తప్పిపోయింది నేను. ఉయెనో స్టేషన్లో నా చుట్టూ అన్నీ బోర్డులే. ఫోను చూస్తాను, బోర్డు చూస్తాను, మళ్ళీ ఫోను చూస్తాను. 30 ఏళ్ళుగా పిల్లలకు చదవడం నేర్పిస్తున్నదాన్ని, చదువు రానిదానిలా నిలబడ్డాను. అమ్మ నా చెయ్యి లాగింది. "నిన్న మనం దిగిన చోట నారింజ రంగు గుండ్రం ఉంది. అందులో 16. అది వెతుకు."

మీరు వెళ్తే ఇది గుర్తుపెట్టుకోండి. టోక్యో మెట్రోలో ప్రతి లైనుకూ ఒక రంగు, ప్రతి స్టేషనుకూ ఒక అంకె ఉంటాయి. గింజా లైను నారింజ రంగు. ఉయెనో 16, అసాకుసా 19. మూడు స్టేషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే చాలు. ఆసియాలో మొదటి భూగర్భ రైలు 1927లో ఈ రెండు స్టేషన్ల మధ్యే మొదలైంది. అంకెలు అమ్మకు బాగా వచ్చు. నాందీ మార్కెట్లో ఏళ్ళ తరబడి వంకాయలు అమ్మింది.

అసాకుసాలో సెన్సోజీ గుడి ఉంది. పెద్ద ఎర్ర లాంతరు వేలాడే ద్వారం దాటితే గుడిదాకా రెండు వైపులా చిన్న దుకాణాలే. మన తిరునాళ్ళు గుర్తొస్తాయి. గుడి దగ్గర 100 యెన్‌లు వేసి ఒక డబ్బా ఊపితే సన్నని పుల్ల బయటికి వస్తుంది. దాని మీద జపనీస్ అక్షరాల్లో ఒక సంఖ్య ఉంటుంది. అదే సంఖ్య ఉన్న సొరుగు తెరిచి, మన జాతకం కాగితం తీసుకోవాలి. నేను మళ్ళీ ఫోను తీశాను. అమ్మ పుల్లను సొరుగుల పక్కన పెట్టి, గీతకు గీత సరిచూసి, తన సొరుగు తెరిచేసింది! అమ్మకు మంచి జాతకం వచ్చింది. నాకు చెడ్డది. చెడ్డది వస్తే ఆ కాగితాన్ని అక్కడే కట్టి వచ్చేయాలి. కట్టేశాను.

అక్కడి నుంచి నడిచి కప్పాబాషి వెళ్ళాం. వీధి పొడుగునా వంటసామాన్ల కొట్లే. కత్తులు, గిన్నెలు, హోటళ్ళ కిటికీల్లో పెట్టే ప్లాస్టిక్ భోజనాలు. బట్టలకూ బొమ్మలకూ వేరే చోట్లు చాలా ఉన్నాయి, వాటి గురించి మీ పిల్లలు చెబుతారు. నా మాట వింటే ఒక రోజు ఇక్కడ గడపండి. అమ్మ ఒక ఇనప మూకుడును వేలితో కొట్టి చూసింది, అడుగు తిప్పి చూసింది, తర్వాత బేరం మొదలుపెట్టింది. అక్కడ బేరాలు లేవు. కొట్టు పెద్దాయన నవ్వుతూ వంగి దండం పెట్టాడు, అమ్మ కూడా పెట్టింది, ధర మాత్రం తగ్గలేదు. అయినా కొన్నాం. ఇప్పుడు మా ఇంట్లో గారెలు అందులోనే.

అన్నిటికంటే చవగ్గా కొన్నది 110 యెన్‌ల వస్తువు. స్నానాల గది గోడకు అంటించే జపనీస్ అక్షరాల పట్టిక. చిన్నపిల్లల కోసం చేసినది, తడిసినా పాడవదు. రాత్రి హోటల్లో మంచం మీద పరిచి, వరుసగా పైకి చదివాను. "అ, ఇ, ఉ, ఎ, ఒ. క, కి, కు, కె, కొ."

పక్క మంచం మీద నుంచి అమ్మ అంది: "కా ఏదే? కీ ఏదే? మధ్యలో మింగేశావు."

నేను చదవడం ఆపేశాను. "నీకు గుణింతం ఎలా తెలుసు?"

చిన్నప్పుడు గుడి వరండాలో పూలు కట్టేదట. లోపల మగపిల్లలకు పాఠం జరిగేది. రోజూ విని విని నోటికి వచ్చేసింది. కళ్ళు మూసుకుని క నుంచి కః దాకా ఒక్కటి కూడా తప్పకుండా చెప్పింది. తర్వాత ఖ మొదలుపెట్టింది. అదే గుడిలో, తర్వాత చాలా ఏళ్ళకు, నేను ఆ పాఠమే నేర్చుకున్నాను. ఇంటికొచ్చి అమ్మ ముందు గొప్పగా అప్పజెప్పేదాన్ని. తనకు వచ్చునని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. "రాయడం రానప్పుడు వచ్చు అని ఎలా అంటాను?" అంది.

మా ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు ఎప్పుడూ ఇంకొకరే రాశారు. గిర్మిట్ కాలంలో మద్రాసు నుంచి ఓడ ఎక్కిన మా ముత్తవ్వ పేరును గుమాస్తా ఇంగ్లీషులో రాశాడు. అమ్మ ఫారాలన్నీ నేను రాస్తాను.

ఆ పట్టిక సంగతి కూడా చెప్పాలి. మొదటి అక్షరాలు మాత్రం చదవండి: అ, క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టు లేదూ? మన వరుసలో త వర్గం చివర న, ప వర్గం చివర మ, ఆ తర్వాత య, ర, వ. జపనీస్‌లో హ పూర్వం ప లాగా పలికేది. ఇప్పుడు మళ్ళీ చూడండి. బౌద్ధ భిక్షువులు సంస్కృత అక్షరాలు నేర్చుకున్నారు, ఆ క్రమమే జపాన్ అక్షరాలకూ వచ్చింది. పిల్లలు "ఈ వరుస ఎందుకు బట్టీపట్టాలి?" అని అడిగితే ఇకమీదట నేను ఈ పట్టిక చూపిస్తాను.

మర్నాడు ఉయెనోలో తామరల చెరువు మధ్య ఉన్న బెంజైతెన్ గుడికి వెళ్ళాం. బెంజైతెన్ అంటే మన సరస్వతే. వీణకు బదులు ఆమె వాద్యం బివా. పూల కాలం అయిపోయింది కానీ ఆకులు గొడుగులంత ఉన్నాయి. అమ్మ చాలాసేపు దండం పెట్టుకుంది. ఏం అడిగిందో చెప్పలేదు.

ఇప్పుడు ఆదివారం తరగతిలో వెనక కూర్చునే పెద్దావిడ ఎవరని కొత్తవాళ్ళు అడుగుతున్నారు. ఆవిడే. మీ పిల్లలు దీర్ఘం మింగేస్తే వెంటనే పట్టుకుంటుంది. పలక మాత్రం నాలుగు వారాలు ముట్టుకోలేదు. పోయిన వారం అ రాసింది. సున్నా సరిగ్గా రాలేదని తనే చెరిపేసి, మళ్ళీ రాసింది.