ఊరంతటికీ ఒకటే చిరునామా!

మీరే తప్పూ చేయలేదు. అయినా కంప్యూటరు తెర మాత్రం ‘మరీ ఎక్కువసార్లు ప్రయత్నించారు, కాసేపాగి రండి’ అంటోంది. ఎందుకలా?

బాపట్ల జిల్లా కొల్లూరులో ఓ ఇల్లు అనుకుందాం. ఇంటర్ పాసైన అమ్మాయి దరఖాస్తు నింపడానికి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ రోజే ఆఖరి గడువు. వెబ్‌సైట్ తెరిచిందో లేదో ‘429’ అన్న అంకె, పక్కనే ‘టూ మెనీ రిక్వెస్ట్స్’ అన్న మాట ప్రత్యక్షం. ‘ఏం నొక్కావమ్మా?’ అన్నాడు తండ్రి. ‘ఇంకా మొదలే పెట్టలేదు నాన్నా!’ అంది కూతురు.

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. చిక్కంతా ఆ కనెక్షన్ చిరునామాతో వచ్చింది.

ఒకే రేషన్ కార్డు

ఇంటర్నెట్‌లోకి వెళ్లే ప్రతి కనెక్షన్‌కీ ఐపీ అడ్రస్ అనే అంకెల చిరునామా కావాలి. ఐపీవీ4 అనే పాత పద్ధతిలో ఉన్న చిరునామాలు సుమారు 430 కోట్లే. ప్రపంచ స్థాయిలో వాటిని పంచే సంస్థ దగ్గరున్న నిల్వ 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయిపోయింది. దాంతో చాలా నెట్ కంపెనీలు ఒక్కో చిరునామాను పదుల, వందల ఇళ్లకు కలిపి వాడుతున్నాయి. దీన్నే సీజీ-న్యాట్ అంటారు.

ఇక వెబ్‌సైట్ల సంగతి. పాస్‌వర్డ్‌లు దొంగిలించేవాళ్లనూ, టికెట్లన్నీ ఊడ్చేసే సాఫ్ట్‌వేర్లనూ ఆపడానికి ‘ఒక చిరునామా నుంచి నిమిషానికి ఇన్నిసార్లే’ అని అవి హద్దు పెడతాయి. ఇది మంచి పనే. కానీ ఊరంతటికీ ఒకే రేషన్ కార్డు ఇస్తే ఏమవుతుంది? ముందొచ్చిన నలుగురూ చక్కెర పట్టుకెళ్తారు. ఐదోవాడు ఖాళీ సంచితో తిరిగొస్తాడు. కొల్లూరు అమ్మాయికి జరిగిందీ అదే!

దేశానికే తాళం

తెలుగువాళ్లు ఎందరో పనిచేసే ఖతార్‌లో ఓసారి ఇంతకన్నా పెద్ద గొడవే అయింది. అక్కడి నెట్ వాడకం దాదాపు మొత్తం ఒకే చిరునామా మీదుగా సాగేది. ఎవరో చేసిన ఆకతాయి పనికి 2006 డిసెంబరు 31న ఇంగ్లిష్ వికీపీడియా నిర్వాహకులు ఆ చిరునామాను ఆపేశారు. ఖాతా లేకుండా వ్యాసాలు దిద్దే అవకాశం ఒక్క దెబ్బకు దేశం మొత్తానికీ పోయింది. అసలు సంగతి తెలిసి కొన్ని గంటల్లోనే తాళం తీశారు.

వికీపీడియాలో ఒక చిరునామా నుంచి రోజుకు ఆరు కొత్త ఖాతాలే తెరవగలిగేలా పరిమితి ఉండేది. కాలేజీ ల్యాబ్‌లో శిక్షణ తరగతి పెడితే ఏడో విద్యార్థి దగ్గరే బండి ఆగిపోతుంది. అందుకే నిర్వాహకులు ముందే సడలింపు అడిగి పెట్టుకుంటారు.

నష్టం ఎవరికి?

క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2025లో వెల్లడించిన పరిశీలన ప్రకారం, ఇలా పంచుకున్న చిరునామాలకు మిగతావాటి కన్నా మూడు రెట్లు ఎక్కువగా అడ్డుకట్ట పడుతోంది. పోనీ, వాటి వెనక దొంగ సాఫ్ట్‌వేర్లు ఎక్కువా అంటే అదీ కాదు! పైగా ఈ పంచుకోవడం ఆలస్యంగా ఇంటర్నెట్‌లోకి వచ్చిన దేశాల్లోనే ఎక్కువ. అంటే వెనకొచ్చినవాళ్లకే ముందు దెబ్బ.

మరేం చేయాలి?

✱ పదేపదే రిఫ్రెష్ కొట్టొద్దు. హద్దు మరింత బిగుసుకోవచ్చు.

✱ కేబుల్ నెట్ ఆపి ఫోన్ డేటాతో ప్రయత్నించండి. చిరునామా మారుతుంది.

✱ ఆఖరి రోజు దాకా ఆగకండి. అందరూ వెళ్లే వేళ కాకుండా తెల్లవారుజామున చూడండి.

✱ ఐపీవీ6 ఇస్తున్నారేమో మీ ఆపరేటర్ను అడగండి. ఈ కొత్త పద్ధతిలో చిరునామాలకు కొరతే లేదు. వెబ్‌సైట్ కూడా ఆ పద్ధతిలోకి మారి ఉంటే పంచుకునే అవసరమే రాదు.

వెబ్‌సైట్లు నడిపేవాళ్లు కూడా చిరునామా ఒక్కటే చూసి తలుపు వేయకుండా, లాగిన్ అయిన మనిషిని బట్టి లెక్క కడితే మంచిది. ఎందుకంటే చిరునామా ఒకటే అయినా, దాని వెనక దరఖాస్తు చేతపట్టుకుని నిలబడ్డవాళ్లు ఎందరో!