వెలుగునిచ్చు ప్లాస్టిక్కు

విద్యుత్తీగను మనము నిర్భయముగా ముట్టగలుగుటకు కారణము రాగిపైనున్న ప్లాస్టిక్కు తొడుగు. ప్లాస్టిక్కు విద్యుత్తును పోనీయదు. అట్టి ప్లాస్టిక్కే విద్యుత్తును గ్రహించి దీపమై వెలుగుననిన మొదట నాకును నవ్వే వచ్చినది.

ప్లాస్టిక్కులన్నియు పాలిమరులు. అనగా చిన్న అణువులు వేలకొలది పూసలవలె గ్రుచ్చబడిన హారములు. ప్రత్తినారయు ఇట్టి హారమే. దానిని ప్రకృతి గ్రుచ్చినది. మామూలు ప్లాస్టిక్కులో ఎలక్ట్రానులు తమ తమ చోట్లనే కట్టుబడి యుండును. కర్బన పరమాణువుల నడుమ ఒక ఒంటి బంధము, ఒక జంట బంధము, మరల ఒంటి బంధము, ఈ వరుసను కూర్చినచో, అవి హారము పొడవునను సంచరించుటకు దారి యేర్పడును.

1967లో టోక్యో నగరమున షిరకవా పనిచేయు ప్రయోగశాలలో, పాలకు తోడువలె చర్యను నడుపు ద్రవ్యమును పొరపాటున వేయి రెట్లధికముగా వేసిరి. పొడికి బదులు వెండివలె మెరయు పొర తేలినది. తరువాత ఆయన అమెరికాలో మెక్‌డయర్మిడ్, హీగరు అను వారితో కలిసి ఆ పొరకు అయోడిను ఆవిరి పట్టింపగా, అది లోహమువలె విద్యుత్తును ప్రవహింపజేసినది. ఈ సంగతి 1977లో ప్రకటితమైనది. మువ్వురకును 2000లో నోబెలు బహుమానము లభించినది.

వెలుగు కథ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిది. అచటివారు ఎన్నుకొనిన పాలిమరు పాలీఫినిలీన్ వైనిలీన్. అది దేనిలోను కరగదు, కాచినను పారదు. పలుచని పొరగా పరచుటెట్లు? కుమ్మరి కాలిన పెంకుతో కుండ చేయడు గదా! తడిమట్టితో చేసి పిదప ఆవములో కాల్చును. వారును అట్లే, ద్రవములో కరగు పచ్చి హారమును ముందు సిద్ధపరచి, గాజుపలకపై పరచి, గాలి లేని చోట వేడిచేసిరి. పచ్చి హారమునకు తగిలియున్న కొన్ని భాగములు ఆవిరియై తొలగెను. తొలగిన చోటులందే జంట బంధములు పుట్టెను. మిగిలిన పొర మందము మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే.

ఆ పొర కొక ప్రక్క లోహము, మరియొక ప్రక్క కాంతిని పోనిచ్చు విద్యుద్వాహకము. ఒక వైపునుండి ఎలక్ట్రానులు చొచ్చును. రెండవ వైపున ఎలక్ట్రానులు లాగివేయబడి ఖాళీలు మిగులును. నడుమ ఎలక్ట్రాను ఖాళీలో పడినపుడు విడువబడు శక్తియే వెలుగు. పసుపుతో కలిసిన ఆకుపచ్చ వెలుగది. 1990లో లోకమునకు తెలిపిన ఆ తొలి దీపము, రెండువేల ఎలక్ట్రానులకు ఒక్క కాంతికణము నిచ్చుటయే గొప్ప. ఐనను వెలిగినది.

తరువాత హారమునకు కొమ్మలవంటి అణుభాగములను తగిలించి, కాల్చకయే కరగు పాలిమరులను చేసిరి. కొమ్మ మారిన రంగును మారును. నారింజ, ఎరుపు వెలుగులట్లు వచ్చినవే. ఇవి సిరావలె అచ్చొత్తుటకు వీలైనవి. ఇట్టి కూర్పులే, ఎండ పడినపుడు విద్యుత్తునిచ్చు పలకలకును పనికివచ్చుచున్నవి.

అయినను చేతిఫోను తెరలలో ఈనాడు వెలుగునవి ఎక్కువగా హారములు కావు, ఆవిరిగా పట్టించు విడి అణువులు. ఇరుతెగలకును గాలిలోని ప్రాణవాయువు, తేమ శత్రువులు. గట్టిగా మూయనిదే ఈ దీపము నిలువదు. ఆ మూత ఖర్చును తగ్గించుట అచ్చొత్తుటకంటె కష్టమైన పనియని నా అభిప్రాయము.