ఇనుప పైపులోని నీటిని ధ్వనితో సరిగా కొలుచుట



హైదరాబాదులో లక్డీకాపూల్, పంజగుట్ట వంటి పేటల కుళాయిలకు నాగార్జునసాగరు, మంజీర మొదలగు దూరపు చోట్ల నుండి పెద్ద పైపులలో నీరు వచ్చును. పైపును కోయకుండ, పైననే రెండు సెన్సారులు బిగించి లోని నీటిని కొలుచు అల్ట్రాసోనిక్ మీటరు మీ బోరుకు కూడ పనికివచ్చును. కాని ఇనుప పైపుపై అజాగ్రత్తగా బిగించినచో అది తప్పు లెక్క చూపును. ఆ లెక్కను నమ్మి వరి నాటినచో చివరి మడి ఎండును.

ఈ మీటరు కొలుచునది కాలమును మాత్రమే. నీరు పోవు వైపు పంపిన ధ్వని కొంచెము ముందుగాను, ఎదురు పంపినది కొంచెము ఆలస్యముగాను చేరును. నాలుగంగుళముల పైపులో నీరు సెకనుకు ఒక మీటరు నడచునపుడు ఈ తేడా సెకనులో కోటవ వంతు కన్న తక్కువ! ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. ఉక్కులో దానికి దాదాపు నాలుగు రెట్లు. అందుచేత కొంత ధ్వని నీటిలో దిగక, పైపు గోడ వెంటనే పరుగెత్తి మీటరును తికమక పెట్టును.

కావున సెన్సారు పెట్టు చోట తుప్పు, రంగు గీకి నున్నగా చేసి, గ్రీజు దట్టముగా పూయవలెను. గీకుటకు బద్ధకించి మీటరును తిట్టువారిని నేను చూచితిని. గాలి పైన చేరును గనుక సెన్సారులను పైపు నెత్తిన గాక పక్కన బిగించవలెను. బెండునకు, వాల్వునకు పైపు వెడల్పునకు పదిరెట్లు దూరమున తిన్నని భాగము ఎన్నుకొనవలెను. పాత పైపునకు రెండు సెన్సారులను ఎదురెదురు వైపుల పెట్టినచో ధ్వని ఒక్కసారే నీటిని దాటును, బలము తగ్గదు.

లోపలి గారను మాత్రము మరువరాదు. నాలుగంగుళముల పైపు లోవెడల్పు 105 మిల్లీమీటర్లనుకొనుడు. చుట్టును 2 మిల్లీమీటర్ల గార పట్టినచో నీరు పారు చోటు నూటికి ఏడున్నర వంతు తగ్గును. ఆ సంగతి మీటరునకు చెప్పనిచో లేని నీటిని ఉన్నట్లు చూపును. సెకనుకు 3 లీటర్ల బోరు ఏడు గంటలలో 75,600 లీటర్లు పోయును. మడికి రోజుకు 10 మిల్లీమీటర్ల నీరు పట్టునన్నచో ఎకరమునకు 40,000 లీటర్లు పైగా కావలెను. అనగా ఆ బోరు రెండెకరములకు చాలదు. మీటరు ఏడున్నర వంతు ఎక్కువ చూపినచో రెండెకరములకు సరిపోవునని తోచును.

మోటారు ఆపి, పైపు నిండియుండగా మీటరు సున్న చూపవలెను. తరువాత 200 లీటర్ల డ్రమ్మును పైపు క్రింద పెట్టి గడియారము చూచుకొనుడు. సెకనుకు 3 లీటర్లయినచో 67 సెకనులలో నిండును. నిండుటకు 72 సెకనులు పట్టినచో డ్రమ్మునే నమ్ముడు.