స్వేదాధిక్యం – గృహవైద్యం – వివేకం

ఆషాఢమాసం వచ్చినదంటే మన పాతబస్తీ వీధులన్నీ వేపమండలతో, పసుపునీళ్ళతో కళకళలాడును. లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళి అమ్మవారి సన్నిధికి బోనమెత్తుకొని వచ్చు ఆడపడుచుల నొసట కుంకుమతోపాటు చెమట ధారలు జారుచుండుట మనం ఏటేటా చూచునదే. అట్టి రద్దీలో ఒకనాడు ఒక యువకుడు తీర్థం కొరకు చేయి చాచి, చటుక్కున వెనుకకు తీసికొని, జేబురుమాలుతో తుడుచుకొని మరల చాచినాడు. అంతలోనే అరచేయి తిరిగి తడిసినది. "పంతులుగారూ, నా చేతులు ఎప్పుడూ గిట్లనే తడిగుంటయి. గీ చేత్తో తీర్థం తీస్కోవచ్చునా?" అని మెల్లగా అడిగినాడు. "తప్పక తీసికో నాయనా" అని మాత్రమే అప్పుడు చెప్పగలిగితిని. వెనుక వరుస సాగుచుండెను. ఆనాడు చెప్పలేకపోయినది నేడు విన్నవించుచున్నాను.

మొదట ధర్మం మాట. మనుస్మృతి ఐదవ అధ్యాయంలో దేహమలాలు 12 అని లెక్కించి, వానిలో స్వేదమును చేర్చినారు. ఇది నిజమే. అయితే ఆ లెక్కలోనే అశ్రువు కూడ ఉన్నది. కన్నీరు కార్చుచు దర్శనం చేసికొను భక్తుని ఎవరైనను ఆపుదురా? మలమునకు శుద్ధి చెప్పబడినదే గాని, మనిషికి నిషేధం చెప్పబడలేదు. చేయి కడుగుకొని తీర్థం పుచ్చుకొనవచ్చును. భరతముని నాట్యశాస్త్రంలో చెప్పిన 8 సాత్త్విక భావాలలో స్తంభం తరువాతిది స్వేదమే. భావం కదలినప్పుడు చెమట పట్టుట మానవ స్వభావమని పెద్దలు ఏనాడో గుర్తించినారు.

ఇక శరీరధర్మం. మన చర్మంలో సుమారు 20 నుండి 40 లక్షల స్వేదగ్రంథులు ఉన్నవి. అరచేతులలో, అరికాళ్ళలో అవి మిక్కిలి దట్టంగా ఉండును. చెమట ఆవిరియగునప్పుడు ఒంటి వేడిని తీసికొనిపోవును. వైశాఖంలో గాలి పొడిగా ఉండుటచే చెమట వెంటనే ఆరును. ఆషాఢంలో గాలి తేమతో నిండియుండుటచే అది ఆరక కారుచునే ఉండును. అందువలననే ఎండ తగ్గినను ఉక్క తగ్గదు. అరచేతుల చెమట దారి వేరు. అది వేడికంటె మనోవికారమునకు త్వరగా లోబడును. "తడిసిపోవునేమో" అను భయమే మరింత తడుపును. కొందరికి ఇది వంశానుగతంగా కూడ వచ్చును. కావున అట్టివారిని పిరికివారని ఎగతాళి చేయుట తగదు.

చరకసంహిత విమానస్థానం ఐదవ అధ్యాయంలో స్వేదవహ స్రోతస్సులు చెడుటకు కారణాలు చెప్పబడినవి: అతి వ్యాయామం, అతి తాపం, చల్లనివి వేడివి క్రమం తప్పి సేవించుట, క్రోధం, శోకం, భయం. చెమట అధికమగుటయే కాక, బొత్తిగా పట్టకపోవుట కూడ దోషమేయని అక్కడనే ఉన్నది. అనగా చెమటను పూర్తిగా ఆపుట చికిత్స కాదు. అదుపులో ఉంచుటయే చికిత్స.

ఇంట చేసికొనదగిన ఉపాయాలలో మొదటిది వట్టివేరు. సూత్రస్థానం 25వ అధ్యాయంలో ఏ పనికి ఏ ద్రవ్యం శ్రేష్ఠమో చెప్పు పట్టికయందు, మంటను, చర్మదోషాన్ని, చెమటను పోగొట్టు లేపనాలలో లామజ్జకం, ఉశీరం మేలైనవని పేర్కొన్నారు. ఆ ఉశీరమే మన వట్టివేరు. చార్మినార్ అత్తరు దుకాణాలలో ఖస్ అని పిలుచునది. వట్టివేళ్ళ పొడిని, అరగదీసిన గంధమును నీటితో కలిపి పలుచగా పూసి, అరగంట తరువాత కడుగవలెను. ఇది ఒంటికి చలువ, సువాసన ఇచ్చునే గాని గ్రంథులను మూయదు.

రెండవది పటిక. పాతబస్తీలో దీనిని ఫిట్కరి అందురు. గడ్డం గీసిన తరువాత మంగలి రుద్దు తెల్లని గడ్డ ఇదియే. మన రసశాస్త్రం దీనిని సౌరాష్ట్రి అని, యునానీ హకీములు షిబ్బె యమానీ అని పిలుతురు. ఒకరు సౌరాష్ట్రమును, మరొకరు యమన్ దేశమును తలచినను, ఇరువురూ చెప్పిన గుణం ఒక్కటే: కషాయరసం, స్తంభనం. పటికలో అల్యూమినియం లవణం ఉన్నది. చెమటను తగ్గించుటకు బజారులో అమ్ము పూతలలో కూడ అల్యూమినియం లవణాలే పనిచేయును. అవి స్వేదనాళాల ముఖద్వారాన్ని తాత్కాలికంగా మూయును.

వాడు విధానం: రాత్రి నిద్రకు ముందు చేతులు కడిగి, తడి లేకుండ తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. పటిక గడ్డను కొద్దిగా తడిపి అరచేతులపై పలుచగా రుద్ది, ఆరిన పిదప నిద్రించి, ఉదయం కడుగవలెను. నిద్రలో చెమట తక్కువ గనుక రాత్రివేళ పూసినది నిలుచును. పగలు తడిచేతికి రుద్దినచో చెమటతోపాటు కొట్టుకొనిపోవును. మొదట కొంచెము చోట పూసి చూచి, మంటగాని దురదగాని లేనిచో కొనసాగించవలెను. పుండ్లపై, అప్పుడే గొరిగిన చర్మంపై, పసిబిడ్డలకు వాడరాదు.

అరికాళ్ళకు టీ కషాయం కూడ కొందరికి ఉపకరించును. లీటరు నీటిలో నాలుగు చెంచాల టీపొడి మరిగించి, చల్లార్చి, వడగట్టి, పాదాలను 20 నిమిషాలు ఉంచవలెను. అందలి వగరే మందు.

చేయరానివి రెండు. చెమట తగ్గునని నీరు త్రాగుట మానరాదు. ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ, కుండనీరు ఉక్కలో అవసరం. ఒళ్ళంతా పటిక పూసికొని ఎండలోనికి పోరాదు. వేడిని బయటకు పంపు దారిని మూసికొన్నట్లగును.

ఇంటి మందు పనికిరాని వేళలు కూడ ఉన్నవి. నాతోపాటు పౌరోహిత్యం చేసిన మిత్రునికి ఒక వేసవిలో హోమం ముగియుచుండగా చల్లని చెమటలు పట్టినవి. అగ్ని వేడియని మేమందరం విసనకర్రతో విసిరితిమి, మజ్జిగ త్రాగించితిమి. గంట గడచిన పిదప ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అది గుండెపోటు. ప్రాణం దక్కినది గాని, ఆయన మరల హోమకుండం ముందు కూర్చుండలేదు. ఆ గంట నన్ను నేటికిని బాధించుచున్నది. ఛాతీలో నొప్పి లేక బరువు, ఆయాసం, చల్లని చెమట కలిసినచో విసనకర్ర వెదుకక వెంటనే 108కి ఫోను చేయవలెను. మధుమేహానికి మందు వాడువారికి వణుకుతో హఠాత్తుగా చెమట పట్టినచో చక్కెర పడిపోయినదేమో చూడవలెను. స్పృహలో ఉన్నచో వెంటనే తీపి ఇవ్వవలెను. రాత్రులు పక్క తడియునంత చెమట, జ్వరం, దగ్గు, బరువు తగ్గుట ఉన్నచో క్షయ పరీక్ష అవసరం. చేతులు వణకుట, గుండెదడ, చిక్కిపోవుట ఉన్నచో థైరాయిడ్ పరీక్ష చేయించవలెను. ఇవేవీ లేక, కొన్ని వారాల గృహవైద్యంతో గుణం కనబడనిచో చర్మవైద్యుని దర్శించుట మేలు. ఇప్పుడు దీనికి చికిత్సలు ఉన్నవి.

ఆ యువకుడు తరువాత మరల కనబడినాడు. పటిక సంగతి చెప్పి పంపితిని. కొన్నాళ్ళకు వచ్చి, "పూర్తిగ పోలేదు పంతులుగారూ, తగ్గింది" అన్నాడు. ఈసారి చేయి తుడుచుకొనకుండనే తీర్థమునకు చాచినాడు. అరచేయి కొంచెము తడిగానే ఉన్నది. ఉద్ధరిణితో తీర్థం పోసితిని.