టార్పెడోకు మాయలేడి
అరక్కోణం: రేణిగుంట వైపు నుంచి చెన్నై రైల్లో వెళ్లేవాళ్లకు అరక్కోణం తెలియని ఊరు కాదు. ఇక్కడికి సముద్రం దాదాపు 70 కి.మీ. దూరం. అయినా నేవీకి ఇది కీలకమైన చోటు. ఇక్కడి ఐఎన్‌ఎస్ రాజాళి స్థావరం నుంచి ఎగిరే పీ-8ఐ విమానాలు చూడ్డానికి ప్యాసింజర్ విమానాల్లాగే ఉంటాయి. వాటి పని మాత్రం నీళ్లకింద దాగిన జలాంతర్గాముల్ని వెతకడం.

సోనార్ ఉన్న యుద్ధనౌకలుండగా విమానం ఎందుకంటారా? 1971 యుద్ధం గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా ఐఎన్‌ఎస్ ఖుక్రీ, కిర్పాణ్ నౌకలు పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ కోసం గాలిస్తున్నాయి. వేటగాడి కంటే ముందు వేటే పసిగట్టింది. హంగోర్ సోనార్‌కు దూరం ఎక్కువ. దాని టార్పెడో తగిలిన ఖుక్రీ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు జలసమాధి అయ్యారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడిచి రాలేదు. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు.

అప్పుడు ఖుక్రీ నెమ్మదిగా సాగుతోంది. సోనార్ దూరాన్ని పెంచే ఓ ప్రయోగ పరికరాన్ని పరీక్షిస్తుండటమే కారణమని తర్వాత వచ్చిన కథనాలు చెబుతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నౌక జోరుగా వెళ్తే సొంత చప్పుడులో శత్రువు చప్పుడు వినబడదు. నెమ్మదిస్తే వినబడుతుంది, కానీ గురిపెట్టడానికి తేలికైపోతుంది.

దీనికి తోడు సముద్రం కూడా సబ్‌మెరైన్‌కే సాయం చేస్తుంది. పైనీరు వెచ్చన, కిందనీరు చల్లన. ఆ తేడా ఉన్నచోట శబ్దం వంగిపోతుంది. ఉప్పదనం మారినా అంతే. యానాం పక్కనుంచి వెళ్లే గోదారి లాంటి నదులు పోసే మంచినీరు బంగాళాఖాతంలో పైపొరగా తేలుతుంది. ఇలాంటి పొరల కింద నక్కితే పైనున్న సోనార్‌కు దొరకడం కష్టం.

అందుకే చెవుల్ని నౌకకు దూరంగా పెట్టారు. పీ-8ఐ నీళ్లలోకి సోనోబాయ్‌లు జారవిడుస్తుంది. తేలుతూ కిందికి మైకు వేలాడదీసి, విన్నది రేడియోలో పంపుతాయవి. నౌక మీది హెలికాప్టరైతే తాడు కట్టి సోనార్‌నే పొర కిందికి దించుతుంది. గాల్లో ఉన్నదాన్ని టార్పెడో ఏమీ చేయలేదు కదా.

అయినా తప్పించుకుని సబ్‌మెరైన్ టార్పెడో వదిలిందనుకోండి. యుద్ధనౌక 30 నాట్ల వేగంతో పరుగెత్తితే అది 40కి పైనే వస్తుంది. పరుగొక్కటే చాలదు, మోసం చేయాలి. విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ శాస్త్రవేత్తలు ప్రధాన పాత్ర పోషించి తయారుచేసిన ఏర్పాటు పేరు ‘మారీచ్’. 2020 జూన్‌లో నేవీ తీసుకుంది. ఉత్పత్తి బెంగళూరు కేంద్రంగా ఉన్న భారత్ ఎలక్ట్రానిక్స్‌ది. నౌక వెనక లాగే శ్రవణ పరికరాలు వస్తున్న టార్పెడోను పసిగడతాయి. తోకలా కట్టిన, దూరంగా విసిరిన మాయ పరికరాలు అచ్చం నౌకలా చప్పుడు చేస్తాయి. టార్పెడో వాటి వెంటపడి తిరిగి తిరిగి శక్తి అయిపోయి ఆగిపోవాలి. రామాయణంలో మారీచుడు లేడి రూపంతోనే కాదు, చివరికి రాముడి గొంతుతోనూ మోసం చేశాడు. పేరు పెట్టినవాళ్లు కథ బాగానే చదువుకున్నట్టున్నారు.

అలాగని నిశ్చింతగా ఉండే వీల్లేదు. కొన్ని టార్పెడోలు చప్పుడును పట్టించుకోవు. నౌక వెనక మిగిలే నురగ దారిని పసిగట్టి వస్తాయి. వాటికి మారుగొంతు వినిపించి ప్రయోజనం తక్కువ. టార్పెడో వదలకముందే సబ్‌మెరైన్‌ను కనిపెట్టాల్సిందే. తీరానికి దగ్గర్లో, లోతు తక్కువ నీళ్లలో ఈ గాలింపు కోసమే చెన్నై దగ్గరి కాట్టుపల్లిలో కట్టిన ఐఎన్‌ఎస్ అర్నాలా 2025 జూన్ 18న విశాఖలో నేవీలో చేరింది.