అటక మీద యెండ

ఏప్రిల్ నడిమికి సూర్యుడు సరిగా మన నడినెత్తికి వస్తాడు. మదురలో 16వ తేదీ ప్రాంతాన, కోయంబత్తూరులో మరి మూడు నాళ్ళకు, మిట్టమధ్యాహ్నం వాకిట నిలిపిన కర్రకు నీడ ఉండదు. ఆగస్టు చివర మరల అంతే. గోడలకు చూరు అడ్డముంటుంది; కప్పుకు అడ్డమేమున్నది? మన వూళ్ళలో వేసవి వేడి యింట్లోకి వచ్చే రాజమార్గం కప్పేనని మేమంటే చదువరులు కాదనరు.

మన పెద్దలు కొలతలు లేకనే యీ సంగతి యెరుగుదురు. పాత మిద్దె యెట్లు కట్టేవారో కొందరికైనా జ్ఞాపకముంటుంది. టేకు దూలాలు, వాటిపై సున్నంతో ఏటవాలుగా నిలిపి పేర్చిన సన్న ఇటుకలు, ఆపైన ఇటుకజల్లి, సున్నం కలిపిన దళసరి పొర. కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు చల్లుతూ ఆడవారు వరుసగా కూర్చుండి కొయ్యలతో దానిని రోజుల తరబడి కొట్టేవారు. చివరకు పైన చదరపు పెంకు. దానినే మన తమిళ యిరుగుపొరుగువారు తట్టోడు అంటారు.

పెంకుటిళ్ళ దారి వేరు. మంగుళూరులో బాసెల్ మిషన్ వారు 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన తరువాత ఆ పెంకు దక్షిణమంతా పాకింది. పీలమేడు, సింగానల్లూరు పాత యిళ్ళలో యిప్పటికీ కనబడుతుంది. పెంకు క్రింద పలకల అటక. యెండకు పెంకు కాలుతుంది గాని, ఆ వేడి అటకలోని గాలిలో చిక్కి, పెంకుల సందులలో నుంచి చాలామటుకు బయటికి పోతుంది. మామిడికాయ జాడీలు, పెళ్ళి గంగాళాలు పెట్టుకొనే చోటని మనమనుకున్నది నిజానికి యింటికి గొడుగు.

తరువాత కాంక్రీటు వచ్చింది. నాలుగైదు అంగుళాల పలక. పగలంతా వేడి త్రాగి, రాత్రి పదిగంటలకు మన పడకమీద కక్కుతుంది. పైకారా జలవిద్యుత్తు 1932లో వచ్చి కోయంబత్తూరు మిల్లులను నడిపించింది. నేడు మనం కరెంటంతా కప్పుతో పోరాడడానికే ఖర్చు పెడుతున్నాము. బిల్లు సంగతి అట్లుంచి, పైగదిలో పడుకొనే తాతయ్య, అవ్వల మాటేమిటి? ముసలి దేహానికి చెమట సరిగా పట్టదు, దాహం తెలియదు. రాత్రి కూడా చల్లబడని గది వారికి నిజంగా ప్రమాదమే. ఏ.సి. వేయండమ్మా అని వారు నోరు తెరచి అడగరు.

ప్రభుత్వాలకు యిది ఆలస్యంగా తట్టింది. కేంద్రంవారు 2018లో నివాస గృహాలకు ఎకో నివాస్ సంహిత అని ఒక నియమావళి తెచ్చి, కప్పు ద్వారా యింత వేడికి మించి దిగరాదని హద్దు పెట్టారు. వట్టి కాంక్రీటు పలక ఆ హద్దుకు దాదాపు మూడింతలు దింపుతుంది. తెలంగాణావారు 2023లో చల్లని కప్పుల విధానమే ప్రకటించారు.

చేయదగినదేమంటే, మొదటిది సున్నమే. బాగా వడగట్టిన సున్నంలో జిగురు కలిపి, మిద్దె కడిగి రెండు పూతలు వేస్తే, తెల్లగా ఉన్నంతకాలం పడిన యెండలో ముప్పాతిక వంతు దాకా తిరుగుముఖం పడుతుంది. మాసిన కాంక్రీటు మూడోవంతు కూడా త్రిప్పదు. అయితే ఏటేటా, వానలు వెళ్ళిన తరువాత, మరల పూయాలి. దీనికి బద్ధకించేవారే యెక్కువ.

డబ్బు పెట్టగలవారు కప్పుమీద గట్టి ఫోమ్ పలకలు పరిపించి, పైన పలుచని కాంక్రీటు, పెంకు వేయించవచ్చు. ఇటువంటి సరకు కాంక్రీటుకంటె సుమారు 40 రెట్లు తక్కువగా వేడిని పోనిస్తుంది. కాని ముందు నీరు దిగకుండా చూడాలి. మా వీథిలో ఒక కాంట్రాక్టరు వాలు చూడకుండా మామూలు థర్మోకోలు పరిచిపోయాడు. ఐప్పసి వానలకు పైన పొర క్రింద నీళ్ళు నిలిచి, గది తడిసి, రెండు ఖర్చులయినవి.

అటక ఉన్న యిళ్ళవారు మా మాట విని దానిని పీకించకండి. పెంకు క్రింద మెరుపురేకు కట్టిస్తే మెరిసే వైపు క్రిందికి, గాలివైపు ఉండాలి. పైకి పెడితే దుమ్ము పట్టి ఫలం పోతుంది. పలకలమీద కొబ్బరిపీచు చాపలు దట్టంగా పరచవచ్చు. గాలి పోయే సందులు మాత్రం మూయరాదు. పాత కరెంటు తీగలుంటే వాటిపై యేదీ కప్పకముందు మేస్త్రీకి చూపండి.

ఇంకొకటి. చాపలు పరచాలంటే అటక దించాలి గదా! అక్కడ యిత్తడి సామానుతోపాటు పాత ట్రంకులుంటాయి. వాటిలో భూమి దస్తావేజులు, వడ్డీ లెక్కలు, పెళ్ళి శుభలేఖలు, తెలుగులో వ్రాసిన ఉత్తరాలు. యెన్నో వేసవుల వేడికి కాగితం వక్కపొడి రంగు తిరిగి, మడతల దగ్గర విరుగుతూ ఉంటుంది. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివిన మన పిల్లలకు అది చిత్తుకాగితం. పాతపేపర్లవానికి తూకం వేయకముందు, చదవగల పెద్దవారి ముందు ఒక మధ్యాహ్నం ఆ ట్రంకు తెరవండి. ఏది యెవరిదో పెన్సిలుతో వెనుక వ్రాసి, క్రిందిగది బీరువాలో ఎండిన వేపాకు వేసి పెట్టండి. మరల అటక యెక్కించకండి. యెంత చాప పరచినా పెంకు క్రింద కాగితానికి చల్లదనం చాలదు.